మూడు లైన్ల కోసం మద్రాసు దాకా

డిసెంబర్ 24, విజయనగరం

మా మేనకోడలి సామాను మొత్తం రెండే. ఒక సూట్‌కేసు, ఒక ఫిడేలు పెట్టె. సూట్‌కేసు నా చేతికిచ్చింది. పెట్టె మీద చెయ్యి వేయబోతే, "అది మాత్రం వద్దు మావయ్యా, నువ్వు పట్టుకుంటే నాకు రాత్రంతా నిద్రపట్టదు" అంది. ఆ పెట్టెలో రెండు ఫిడేళ్లున్నాయి. రెండెందుకో నాకూ రైలెక్కేదాకా తెలీదు.

పిల్లకి ఇరవయ్యేళ్లు. ఆరో ఏట మొదలుపెట్టింది. మద్రాసులో డిసెంబర్ నెల కచేరీల సీజన్‌లో ఈసారి మూడు కచేరీలు దొరికాయి. రెండు పక్కవాద్యం, ఒకటి సోలో. చెన్నై అనాలని తెలుసు, కానీ సంగీతం మాట వచ్చేసరికి మా ఇంట్లో అందరికీ అది మద్రాసే. అక్కకి మోకాళ్లు సహకరించవు, బావకి సెలవు దొరకలేదు, అంచేత తోడు వెళ్లే పని నాకు పడింది. నాకు సంగీతం వినడం వచ్చు, అంతకుమించి రాదు. అక్క నాకు అప్పజెప్పిన అసలు పని వేరు. ఏ పేపర్లో పిల్ల గురించి ఏ ముక్క వచ్చినా కత్తిరించి తేవాలి.

కిందటేడు ఒక ఇంగ్లీషు పేపర్లో ఒకే ఒక్క వాక్యం వచ్చింది. వయొలిన్ సహకారం సముచితంగా ఉంది అని దాని సారం. అక్క దాన్ని లామినేషన్ చేయించి షోకేసులో, ఏటికొప్పాక బొమ్మల పక్కన పెట్టింది. పిల్ల దాని వంక చూడదు. "సముచితం అన్నారంటే నేనేం వాయించానో ఆయనకి గుర్తులేదని అర్థం" అంటుంది.

రైలు రాత్రికి. మధ్యాహ్నం సంగీత కళాశాలకి వెళ్లి దండం పెట్టుకొద్దాం అంది. గంటస్తంభం దగ్గర ఆటో దిగి కోట వైపు నడిచాం. 1919లో పెట్టిన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది ఇక్కడే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాతికేళ్ల వయసులో ఈ గుమ్మం ఎక్కారు. వచ్చింది విద్యార్థిగా చేరదామనీ, వాయించగా విని మేష్టరుగానే ఉండిపొమ్మన్నారనీ మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. అంతకన్నా మంచి సమీక్ష ఏ ఫిడేలు కుర్రాడికైనా వచ్చిందేమో నాకు తెలీదు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. చూపు అంతంత మాత్రం. అయినా పాటకి పక్కన కూర్చునే వాద్యాన్ని ఒంటిగా వేదిక మధ్యకి తెచ్చినవాళ్లలో ఆయనది ముందువరస. మా తాతగారి తరంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఫిడేలు నాయుడుగారు, అంతే.

ఒక గదిలో చిన్నపిల్లలు సరళీ స్వరాలు వాయిస్తున్నారు. పదిమంది పిల్లలు, పది షడ్జాలు. మా పిల్ల గుమ్మం బయటే నిలబడి విని, "మూడో వరసలో ఆ బుల్లిదానికి శ్రుతి ఉంది" అంది. నాకు మాత్రం పది పిల్లులు ఒక్కసారి నిద్రలేచినట్టే వినిపించింది.

డిసెంబర్ 25, రైలు, మైలాపూర్

తెల్లవారేసరికి పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఎడమచేతి వేళ్లు కుడిచేతి మణికట్టు మీద పాకిస్తోంది. సాధనట. చెయ్యి చూపించమన్నాను. నాలుగు వేళ్ల కొసల్లోనూ తీగ పడ్డ గీత ఉంది. చిటికెనవేలిది లేతగా, చూపుడువేలిది కత్తితో గీసినట్టు. చర్మం అక్కడ అరికాలి చర్మంలా గట్టిపడిపోయింది.

రెండు ఫిడేళ్ల సంగతి అప్పుడు చెప్పింది. పక్కవాద్యం వాయించేవాళ్లు పాడేవాళ్ల శ్రుతికి పోవాలి. శ్రుతికి అంకెలుంటాయి, అంకె పెరిగినకొద్దీ శ్రుతి పైకి. ఆడగొంతు అయిదో, అయిదున్నరో ఉంటుంది. మగగొంతు ఒకటో, ఒకటిన్నరో. అయిదున్నరకి తీగలు బాగా బిగించాలి, ఒకటికి వదలాలి. ఒకే ఫిడేలు మీద ఇవాళ బిగించి రేపు వదిలితే తీగలు నిలకడగా ఉండవు, చెక్క కూడా అలుగుతుందట. అందుకని ఒకదాన్ని ఎప్పుడూ పైశ్రుతిలో, ఇంకోదాన్ని ఎప్పుడూ కిందిశ్రుతిలో ఉంచుతుంది. సోలోకి తనకిష్టమైన శ్రుతి అంకె రెండు. "అంటే ఏడాదిలో నా శ్రుతిలో వాయించేది ఎన్నిసార్లో లెక్కపెట్టుకో" అంది. నవ్వుతూనే అంది గానీ నేను లెక్కపెట్టాను. కిందటేడు రెండుసార్లు.

సెంట్రల్‌లో దిగి మైలాపూర్‌లో లాడ్జికి చేరాం. కౌంటర్లో కూర్చున్నాయన మా మాటలు విని తెలుగులోకి దిగాడు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళం. "మీ తెలుగు సినిమా తెలుగు మాదిరి ఉంది" అన్నాడు. విజయనగరం తెలుగుని అలా అన్నవాణ్ని నేను మొదటిసారి చూశాను.

సాయంత్రం ఒక పెద్ద విద్వాంసుడి కచేరీకి వెళ్లాం. వెనక వరసలో సీటు దొరికింది. ప్రయాణ బడలికకి నేను రాగం మధ్యలో నిద్రపోయాను, దాని గురించి రాయడానికేమీ లేదు.

డిసెంబర్ 26, మధ్యాహ్నం కచేరీ

సీజన్‌లో కాలాన్ని బట్టి అంతస్తు తెలుస్తుంది. రాత్రి ఏడు గంటల కచేరీ పేరున్నవాళ్లది. నాలుగు గంటలది పేరొస్తున్నవాళ్లది. మధ్యాహ్నం భోజనాల వేళది పిల్లలది, దానికి టికెట్టుండదు. జనం కూడా అంతంతే. మా పిల్ల మొదటి కచేరీ పన్నెండున్నరకి. నేను తలలు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. అందులో పాడే అమ్మాయి బంధువులు పదకొండుమంది.

మూడో వరసలో ఒక పెద్దాయన. తెల్ల పంచె, చేతిలో అట్ట నలిగిన నోటుబుక్కు, జేబులో రెండు పెన్నులు. వర్ణం మొదలవగానే ఏదో రాసుకున్నాడు. ఇతనే విమర్శకుడు అని నాకు ఖాయమైపోయింది. నెమ్మదిగా వెళ్లి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఫ్యాను గాలి ఆయనకి తగిలేలా కుర్చీ జరిపాను. మంచినీళ్ల సీసా ఇచ్చాను. తాగాడు. తని ఆవర్తనంలో కళ్లు మూసుకుంటే నా ప్రాణం పోయింది. మృదంగం మోత అయ్యేసరికి కళ్లు తెరిచి మళ్లీ రాసుకున్నాడు.

పాడిన అమ్మాయిది అయిదున్నర శ్రుతి. ప్రధానంగా తోడి రాగంలో త్యాగరాజు కృతి తీసుకుంది. నెరవులో ఒక్క పాదం పట్టుకుని తిప్పితిప్పి పాడింది, ప్రతిసారీ మా పిల్ల తన వంతు వాయించింది. నా కళ్లు ఎక్కువగా కమాను మీదే ఉన్నాయి. కమాను వెంట్రుకలకి రాసిన రోజిన్ పొడి రాలి పట్టులంగా మోకాలి దగ్గర తెల్లగా పేరుకుంటోంది. కుడిపాదం చీలమండ దగ్గర ఫిడేలు కొస ఆనించి కూర్చుంటారు కదా, ఆ చోట చర్మం కాయ కాసి ఉంటుంది. దాన్ని అక్క పెళ్లి సంబంధాల వేళ దాచాలంటుంది. ఆ గొడవ ఇక్కడొద్దు.

కచేరీ అయ్యాక పెద్దాయన నేరుగా వేదిక దగ్గరికి వెళ్లాడు. నేను వెనకాలే. ఇంగ్లీషూ తమిళమూ కలిపి పిల్లతో అన్న మాట నాకు అర్థమైనంత మేరకు ఇది: "నెరవులో ఆ అమ్మాయి మాటని మధ్యలో విరిచి పాడింది. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు విరవలేదు. మాట అయిపోయాకే కమాను తిప్పావు. అయిదుసార్లూ."

పిల్ల ముఖం చూడాలి ఆ క్షణాన. కాలేజీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అంత ఎర్రబడలేదు.

ఏ పేపరండీ మీది అని నేనడిగాను. ఆయనకి అర్థం కాలేదు. పేపరూ లేదు, గీపరూ లేదు. రిటైరైన మనిషి, నలభై ఏళ్లుగా సీజన్ కచేరీలన్నీ వింటూ రాగాలు రాసుకోవడం అలవాటు. నోటుబుక్కు తిప్పి చూపించాడు. ప్రతి కృతికీ తెలుగు సాహిత్యం తమిళ లిపిలో, కింద అర్థం తమిళంలో, పదం పదానికీ నిలువు గీతలు. తెలుగువాణ్ని నేను ఆ పాదం విన్నాను, మాట విరిగిందని నాకు తట్టలేదు.

డిసెంబర్ 27, అకాడమీ

పొద్దున్నే టీ కంటే ముందు పేపర్లు కొన్నాను. ఇంగ్లీషువి రెండు, తమిళానివి రెండు. ఏమీ లేదు. కచేరీ మొన్నటిదైతే గానీ రాదులే మావయ్యా అంది పిల్ల, నాలుగు పేపర్ల కట్ట చూసి జాలిపడి.

ఎనిమిదింటికి మ్యూజిక్ అకాడమీలో ప్రసంగం, సోదాహరణంగా. 1927 డిసెంబర్లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు పక్కనే సంగీత సభ పెట్టారు, అందులోంచి పుట్టింది 1928లో ఈ అకాడమీ. హాలు చల్లగా ఉంటుంది. మరీ చల్లగా. పిల్లకి అది నచ్చదు. బయట సముద్రపు తేమకి, తీగలు బిగించే ఫిడేలు బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, లోపల ఏసీకి ఎండి జారతాయి. అందుకు పెట్టెలో సుద్దముక్క పెట్టుకుంటుంది. బిరడాకి రాస్తే జారదట.

ప్రసంగం సంగతులు నాకు సగమే ఎక్కాయి గానీ ఫిడేలు గొడవ మాత్రం మనసులో తిరిగింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ మద్రాసు చుట్టుపక్కలే తెల్లవాళ్ల దగ్గర ఈ వాద్యం పట్టాడు. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్లు కింద కూర్చుని పాదం మీదికి దించారు. దాంతో ఎడమచెయ్యి మోత మోయడం మానేసి జారడానికి ఖాళీ అయింది. స్వరాన్ని ఊపే గమకం పలికింది. రెండు వందల ఏళ్లలో అది లేకుండా పాటకచేరీ ఊహించలేని స్థితి వచ్చింది. అయినా పత్రికలో దానికి చోటు చివరి పేరాలోనే.

ఈ ఊళ్లో విమర్శ చిన్న విషయం కాదు. కల్కి కృష్ణమూర్తి తమిళ పత్రిక ఆనంద వికటన్‌లో కర్నాటకం అనే పేరుతో సంగీతం మీద రాసేవాడు. తర్వాత సుబ్బుడు వచ్చాడు, 2007లో పోయాడు. ఆయన కలానికి పదునెక్కువ, పెద్ద విద్వాంసులు కూడా జడిసేవాళ్లు. జడిపించేంత శ్రద్ధగా వినేవాడున్నాడంటే కళకి అదీ ఒక లాభమే. సముచితంగా ఉంది అని రాసేవాళ్లతోనే నాకు పేచీ.

అకాడమీ సంగీత కళానిధుల పేర్లలో మా ఊరి లెక్క చూసుకున్నాను. నాయుడుగారికి 1941లో. 2016లో అవసరాల కన్యాకుమారిగారికి. ఆవిడ పుట్టింది విజయనగరంలోనే, ఎం.ఎల్.వసంతకుమారి పక్కన ఏళ్ల తరబడి వాయించారు. ఫిడేలు వాయించే ఆడమనిషికి ఆ బిరుదు రావడం అదే మొదలు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య డెబ్బై అయిదేళ్లు. పిల్లతో ఈ లెక్క చెప్తే, "అయితే నా వంతు 2091" అంది.

డిసెంబర్ 28, సోలో

లాడ్జి ఆయన పొద్దున్నే తలుపు కొట్టాడు. చేతిలో తమిళ పేపరు. మధ్యాహ్నం కచేరీ సమీక్ష వచ్చింది. నిలబడే చదివాడు, వేలు పెట్టి, ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ. పాడిన అమ్మాయికి పదహారు లైన్లు. మృదంగానికి రెండు. చివర్లో మాకు ఒకటి. "వయొలిన్ పక్కబలంగా ఉంది అని రాసినారు" అన్నాడు. పక్కబలం! నాకు ఆ మాట భలే నచ్చింది. "ఏం నచ్చింది మావయ్యా, మృదంగానికీ అదే రాస్తారు" అని పిల్ల తల దువ్వుకోవడానికి వెళ్లిపోయింది. నేను బ్లేడుతో జాగ్రత్తగా కోసి డైరీలో పెట్టాను.

సాయంత్రం గంటసేపు సోలో, ఒక చిన్న సభలో. పేరు రాయను. అక్కడి మైకు మనిషికి ఫిడేలంటే ఎవరో చెప్పిన శత్రుత్వం ఉన్నట్టుంది. బ్రిడ్జి దగ్గర క్లిప్పు మైకు తగిలించి శబ్దం ఎంత పెంచాడంటే, వర్ణంలో మొదటి గీతకే ముందువరస ముసలావిడ చెవి మీద చెయ్యి వేసుకుంది. పిల్ల కమాను ఆపకుండా కళ్లతో తగ్గించమని సైగ చేసింది. అతను తలూపి ఇంకా పెంచాడు. బొటనవేలు కిందికి చూపించింది. కింద పెట్టిన స్పీకరు అనుకున్నాడేమో దాన్ని కూడా పెంచాడు. నేను లేచి వెళ్లి చెవిలో చెప్పాను. "సార్, వెనకాల వినపడాలి కదా" అన్నాడు. వెనకాల ఎవరున్నారని! మైకుల్లేని కాలంలో వెనక వరసలకి అందాలని మైసూరు చౌడయ్యగారు ఏడు తీగల ఫిడేలు పట్టుకున్నారు. ఇప్పుడు నాలుగు తీగల్ని భరించలేక చెవులు మూసుకుంటున్నాం.

మూడో కృతి దగ్గర పిల్ల దారి కనిపెట్టింది. కమాను ఒత్తిడి తగ్గించేసింది. వెంట్రుకలు తీగని తాకీ తాకనట్టు. ఖరహరప్రియ ఆలాపన మొత్తం అలా సాగింది. రిషభం మీద కమాను ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత మెల్లగా లాగిందో, మధ్యలో ఆగిందేమో అనుకుని నేను ముందుకి వంగాను. ఆగలేదు. హాల్లో ఎవరో "భళా" అన్నారు, గట్టిగా కాదు, తమలో తాము అనుకున్నట్టు. నాకు ఆ రాగం ఇంటి దగ్గర వందసార్లు వినిపించి ఉంటుంది, వంటింటి కుక్కరు విజిళ్ల మధ్య. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

మెట్లు దిగుతూ ఏడ్చింది. బాగా వాయించావుగదే అన్నాను. "నాకిష్టమైన శ్రుతి మావయ్యా. ఏడాదికి రెండుసార్లు" అంది. ఇంకేం మాట్లాడలేదు. సభ క్యాంటీన్లో కాఫీ తాగి నడిచి వచ్చేశాం.

డిసెంబర్ 29

మగగొంతు, ఒకటి శ్రుతి, నాలుగు గంటల కచేరీ. రెండో ఫిడేలు బయటికి వచ్చింది. అనుకున్న వయొలినిస్టు రాలేకపోతే ఆ చోటు పిల్లకి దొరికింది. మృదంగం మీద డెబ్బై దాటిన పెద్దాయన. వేదికెక్కాక గాయకుడితో గానీ పిల్లతో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో గాయకుడు ఒక చిక్కు లెక్క వేశాడు. పిల్ల దాన్ని తిరిగి అప్పజెప్పలేదు. సగం తీసుకుని, సగం తన సొంతం పెట్టి, తాళం మొదలయ్యే చోటికి, అంటే సమానికి, సరిగ్గా వచ్చి దిగింది. మృదంగం పెద్దాయన తల తిప్పి ఆమె వంక చూశాడు. అంతే. నవ్వలేదు, తలూపలేదు.

దిగాక సంచీ సర్దుకుంటూ పిల్లని ఫోను నంబరు అడిగి, చిన్న డైరీలో పెన్సిలుతో రాసుకున్నాడు.

డిసెంబర్ 30, రైలు

స్టేషన్‌లో పేపర్లు కొన్నాను. ఇంగ్లీషు పేపర్లో సోలో సమీక్ష ఉంది! మూడు లైన్లు కాదు, ఏడు. ప్లాట్‌ఫారం మీదే నిలబడి చదివాను. ఎదుగుతున్న యువ వయొలినిస్టుల్లో చెప్పుకోదగ్గ పేరనీ, విజయనగరం నుంచి వచ్చిన ఈమె వాదనంలో ద్వారం బాణీ గాంభీర్యం స్పష్టంగా వినిపించిందనీ ఉంది. చివర, నాదంలో కొంత కరుకుదనం తగ్గించుకుంటే మంచి భవిష్యత్తుందట.

నాకు కళ్లు చెమర్చాయి. ద్వారం బాణీ! గొంతెత్తి చదివి వినిపించాను. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"మా గురువుగారిది లాల్గుడి జయరామన్‌గారి బాణీ మావయ్యా. విజయనగరం అని కార్యక్రమం కాగితంలో చదివి రాసేశారు. కరుకుదనం ఆ మైకు మనిషిది. అందులో నాదేముంది?"

"భవిష్యత్తు నీదే కదే" అన్నాను.

"అదొక్కటే. ఇంకా రాలేదు."

అయినా బ్లేడు తీశాను. అక్కకి బాణీల గొడవతో పని లేదు. మార్జిను కాస్త ఎక్కువ ఉంచి, వంకర లేకుండా కోశాను. ఈసారి ఫ్రేమే కట్టించేస్తుంది.

గూడూరు దాటాక ఫోను మోగింది. మృదంగం పెద్దాయన నంబరు ఇచ్చారట, ఎవరో గాయని. నేను వినే అవసరం లేకుండానే సంగతి పిల్ల ముఖంలో కనపడుతోంది. "ఖాళీయేనండీ... వస్తానండీ..." తర్వాత కాసేపు ఆగి, "శ్రుతి ఎంతండీ?" అంది. జవాబు విని పై బెర్తు మీది పెట్టె వంక చూసింది. నాలుగున్నర అట. పిల్ల రెండు ఫిడేళ్లలో దేనికీ పట్టని శ్రుతి. పైదాన్ని దించాలా, దించితే తీగలు మొద్దుబారతాయా, కొత్తవి వేయాలా అని ఫోను పెట్టకముందే లెక్కల్లో పడింది.

"మావయ్యా, రాసుకోవాలి, కాగితం!" అంది ఫోను చెవికి అదిమిపట్టి. నేను జేబులు వెతుక్కునేలోపే నా ఒళ్లో ఉన్న ముక్క లాక్కుని, ద్వారం బాణీ గాంభీర్యం పక్కన ఖాళీగా ఉన్న మార్జిన్లో తేదీ, సభ పేరు, నాలుగున్నర అని బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాసింది. అక్షరాలు రెండోవైపుకి తేలాయి. అక్కకి ఏం చెప్పాలో నెల్లూరు దాటినా తోచలేదు.